ఖాళీగా ఉన్నా పాడవని మిషన్ ముందు కొనండి

ప్రశ్న: పాలకొల్లు దగ్గర మాదొక పల్లెటూరండి. నేనూ మా బావమరిదీ కలిసి టీషర్టుల ప్రింటింగ్ పెడదామనుకుంటున్నాం. చేతిలో మూడు లక్షలున్నాయి, ఇంటి పక్కన రేకుల షెడ్డుంది. సంక్రాంతికి మా ఊరి కుర్రాళ్ళవి అరవై, రొయ్యల మేత అమ్మే డీలరు గారివి ఒకే రంగు లోగోతో మూడొందలు, క్రికెట్ టీముకి పేర్లూ నంబర్లతో పదిహేను జెర్సీలు, పుట్టినరోజుల ఫొటో టీషర్టులు ఒకటీ అరా వచ్చేట్టున్నాయి. మిషన్లమ్మే ఆయన ‘డీటీఎఫ్ తీసుకోండి, అన్నీ దాంతోనే అయిపోతాయి, చాలని డబ్బుకి లోను ఇప్పిస్తా’ అంటున్నాడు. తెలిసినవాళ్ళేమో స్క్రీన్ ప్రింటింగే నయమంటున్నారు. ఇంకో సంగతండి. పోయిన వినాయక చవితికి మెరూన్ జెర్సీల మీద తెల్ల అక్షరాలు బయట వేయిస్తే నాలుగు రోజులకల్లా గులాబీ రంగుకి తిరిగాయి. ఎందుకలా అయింది? మేం ఏ పద్ధతితో మొదలెట్టాలి?

సమాధానం: డీటీఎఫ్ (బొమ్మని ముందు ఫిల్ము మీద ప్రింటు వేసి, వేడితో గుడ్డకి అంటించే పద్ధతి) మిషన్ ఇప్పుడే కొనకండి. డీటీఎఫ్ ప్రింటు మాత్రం మొదటి రోజు నుంచే అమ్మండి. ఫిల్ము మీద ప్రింటు వేసి మీటరు లెక్కన ఇచ్చే జాబ్‌వర్క్ వాళ్ళు హైదరాబాదు, తిరుపూరు లాంటి చోట్ల ఉన్నారు. ఫైలు పంపితే రోల్ చుట్టి పార్సిల్ వేస్తారు, మీరు టీషర్టు మీద అంటించుకోవడమే. మీ డబ్బుతో ముందు కొనాల్సింది మంచి హీట్ ప్రెస్ (వేడి పలకతో నొక్కే మిషన్) ఒకటి, ఆ తర్వాత ఒకటి రెండు రంగులకి సరిపడా స్క్రీన్ ప్రింటింగ్ (ఫ్రేముకి బిగించిన జల్లెడ గుడ్డలోంచి ఇంకు దించే పద్ధతి) సామాను. మీరు రాసిన నాలుగు రకాల ఆర్డర్లూ వీటితో అయిపోతాయి.

మిషన్లమ్మే ఆయన చెప్పింది అబద్ధం కాదు. డీటీఎఫ్ ప్రింటు కాటన్ మీదా అంటుతుంది, పాలిస్టర్ మీదా అంటుతుంది, నల్ల గుడ్డ మీదా ఎన్ని రంగులైనా వస్తాయి. చిక్కంతా మిషన్ని ఎవరు ఎక్కడ ఎలా నడుపుతారన్న దాంట్లో ఉంది. మన డెల్టాలో టీషర్టు పని ఏడాది పొడుగునా ఒకే తీరున రాదు. సంక్రాంతికి, చవితి కమిటీలకి, భీమవరం కాలేజీల ఫెస్టులకి, ఎండాకాలం టోర్నమెంట్లకి, పెద్ద హీరో సినిమా విడుదలకి ఒక్కసారిగా మీద పడుతుంది. మధ్యలో వారాల తరబడి ఊసే ఉండదు. ఆ ఖాళీ వారాలే డీటీఎఫ్ మిషన్ని చంపేస్తాయి.

దీనికి కారణం తెల్ల ఇంకు. డీటీఎఫ్‌లో పెట్ అనే ప్లాస్టిక్ ఫిల్ము మీద ముందు రంగులు పడతాయి, వాటి మీద తెలుపు పడుతుంది, ఆ తడి మీద జిగురు పొడి చల్లి వేడి చేస్తే పొడి కరిగి పొరలా పట్టుకుంటుంది. ఆ తెల్ల ఇంకులో ఉండేది టైటానియం డయాక్సైడ్. అది బరువైన పొడి, సున్నపు నీళ్ళలో సున్నం అడుక్కి దిగినట్టు దిగిపోతుంది. రోజూ కదలకపోతే ట్యూబుల్లో, హెడ్డుకి ఇంకు అందించే డ్యాంపర్లలో, చివరికి ఇంకు చిమ్మే హెడ్డు రంధ్రాల్లో గడ్డకడుతుంది. నడిచే మిషన్‌లో పొద్దున్నే ఆ రంధ్రాలన్నీ తెరిచున్నాయో లేదో చూసే నాజిల్ చెక్ తీసి, కొంచెం తెలుపు పారించి, హెడ్డుని మూసే క్యాపు తుడిచి పని మొదలెడతారు. నాలుగు రోజులు మూతపెట్టి పెళ్ళికి వెళ్ళొస్తే హెడ్ క్లీనింగులకే బోలెడు ఇంకు పోతుంది. అప్పటికీ తెరుచుకోకపోతే హెడ్డు మార్చాలి, మిషన్‌లో ఖరీదైన భాగం అదే. ప్రింటు మధ్యలో కరెంటు పోతే హెడ్డు తన క్యాపు మీదకి వెళ్ళకుండా ఆగిపోతుంది, అక్కడే ఎండిపోతుంది. అందుకని యూపీఎస్ కూడా లెక్కలోకి వస్తుంది.

మీ రేకుల షెడ్డు సంగతి మరీ ముఖ్యం. డీటీఎఫ్ గదిలో వేడి 20 నుంచి 28 డిగ్రీలు, గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. మన కాలవల మధ్య వానాకాలంలో తేమ 80 శాతం దాటడం మామూలే, మే నెలలో రేకుల కింద కూర్చోలేం. తేమెక్కితే జిగురు పొడి ఉండలు కడుతుంది, ఫిల్ము మీద బొమ్మ లేని చోట కూడా అతుక్కుంటుంది, టీషర్టు మీద అంటించాక బొమ్మ చుట్టూ గరుకు మచ్చలు కనిపిస్తాయి. కాబట్టి మిషన్‌తో పాటు సీలింగ్, ఏసీ కూడా కొన్నట్టే. ఇవేవీ మిషన్లమ్మే ఆయన కొటేషన్‌లో ఉండవు.

స్క్రీన్ ఫ్రేములకి, హీట్ ప్రెస్సుకి ఈ బాధ లేదు. ఆషాఢమంతా గుడ్డ కప్పి పెట్టినా శ్రావణంలో స్విచ్ వేస్తే పనిచేస్తాయి.

హీట్ ప్రెస్ గురించి. 38×38 సెంటీమీటర్లది చాలని చాలామంది చవకలో తెస్తారు. పెద్ద సైజు టీషర్టు వీపు బొమ్మకి, జెర్సీ వెనక పేరూ నంబరూ ఒకేసారి నొక్కడానికి అది చాలదు. 40×60 తీసుకోండి. అది రెండు కిలోవాట్ల పైనే లాగుతుంది. మామూలు ప్లగ్గులో పెట్టకుండా మీటరు బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో విడి లైను, దానికి ఎంసీబీ, సరైన ఎర్తింగ్ వేయించండి. ఇంటి మీటరు మీద వ్యాపారం నడపకండి, కమర్షియల్ కనెక్షన్ పెట్టించుకోండి.

ప్రెస్ వచ్చిన రోజే రెండు పరీక్షలు చేయాలి. డిస్‌ప్లేలో 160 అని చూపిస్తున్నప్పుడు పలక మధ్యలో, నాలుగు మూలల్లో వేడిని, వేడికి రంగు మారే పట్టీలతో చూడండి. మూలల్లో పది డిగ్రీలు తక్కువుంటే బొమ్మ మధ్యలో అంటి అంచుల్లో లేచిపోతుంది. రెండోది ఒత్తిడి. నాలుగు మూలల్లో నాలుగు కాగితం ముక్కలు పెట్టి చల్లగా ఉండగానే ప్రెస్ మూసి లాగండి. నాలుగూ ఒకే బిగువుగా ఉండాలి. ఏ మూల కాగితం సులువుగా వచ్చేస్తే ఆ మూల ఒత్తిడి లేనట్టే. ఈ రెండిట్లో ఏది తేడా వచ్చినా మిషన్ వెనక్కిచ్చేయండి.

డీటీఎఫ్ అంటించేటప్పుడు ముందు ఖాళీ టీషర్టుని మూడు నుంచి ఐదు సెకన్లు నొక్కి తేమ తీయాలి. మన దగ్గర ఇది తప్పనిసరి. గుడ్డలో ఉన్న తేమ ఆవిరై జిగురుకీ గుడ్డకీ మధ్య చేరుతుంది, రెండు ఉతుకులకి బొమ్మ పొక్కి లేస్తుంది. తర్వాత ఫిల్ము పెట్టి 150 నుంచి 160 డిగ్రీల్లో 12 నుంచి 15 సెకన్లు. వేడి మీద తీసే ఫిల్మా, చల్లారాక తీసే ఫిల్మా అన్నది జాబ్‌వర్క్ వాళ్ళని అడిగి రోల్ మీద రాసుకోండి. చల్లారాక తీయాల్సినదాన్ని వేడి మీద లాగితే బొమ్మ ఫిల్ముతోనే వచ్చేస్తుంది. ఫిల్ము తీశాక సిలికాన్ కాగితం వేసి మరో ఐదు నుంచి పది సెకన్లు నొక్కాలి. ఉతుకులకి నిలబడేది ఈ రెండో నొక్కుడుతోనే, రద్దీలో అందరూ మానేసేదీ ఇదే. కాలరు టీషర్టుల గుండీలూ కుట్లూ పలకకి అడ్డం వస్తే లోపల ప్రెస్ పిల్లో (వేడికి తట్టుకునే చిన్న దిండు) పెట్టండి.

జాబ్‌వర్క్ ఫిల్ము మీటరు లెక్కన కొంటారు కాబట్టి ఖాళీ జాగా అంతా మీ డబ్బే. రోలు వెడల్పు 60 సెంటీమీటర్లు, ప్రింటు పడేది సుమారు 58. ఎ4 బొమ్మలు నిలువుగా పక్కపక్కన రెండు, కింద కింద మూడు పెడితే మీటరుకి ఆరొస్తాయి. ఇంకా పక్కన పద్నాలుగు సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. దాంట్లో తొమ్మిది సెంటీమీటర్ల జేబు లోగోలు పది దాకా పడతాయి. ఒక ఆర్డరుకి మీటరు నిండకపోతే మీ షాపు పేరు, పుట్టినరోజు బొమ్మలు ఆ సందుల్లో నింపండి. వచ్చిన రోలుని వెలుతురుకి పెట్టి చూడండి. తెల్ల పొరలో సన్నటి గీతలు కనిపిస్తే వాళ్ళ నాజిళ్ళు మూసుకున్నాయన్నమాట, నల్ల టీషర్టు మీద గీతలు తేలతాయి. ఫిల్ముని సిలికాజెల్ పొట్లాలతో జిప్ కవర్లో దాచండి. బయట వదిలేస్తే తేమ పీల్చి జిడ్డు తేలుతుంది.

ఇప్పుడు స్క్రీన్ ప్రింటింగ్. మీకు నిలకడగా డబ్బు మిగిల్చేది మేత డీలరు గారి లాంటి ఆర్డర్లే. స్క్రీన్‌లో ఖర్చంతా తయారీలో ఉంటుంది, ఒకటి వేసినా మూడొందలు వేసినా తయారీ ఒకటే. ఎక్కడ ఏది లాభమో ఇలా లెక్కేసుకోండి. ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ కావాలి. ఒక స్క్రీన్ తయారీకి పాజిటివ్ (బొమ్మ నలుపులో ఉన్న పారదర్శక షీటు), ఎమల్షన్ (లైటుకి గట్టిపడే పూత), మీ శ్రమ కలిపి 400 రూపాయలనుకుందాం. ఒక్కో రంగు వేయడానికి ఇంకూ కూలీ కలిపి టీషర్టుకి 10, జాబ్‌వర్క్ ఎ4 డీటీఎఫ్ బొమ్మ అంటించే కూలీతో సహా 50 అనుకుందాం. ఒక రంగైతే పది టీషర్టులు దాటగానే స్క్రీన్ చవక. రెండు రంగులైతే 27 నుంచి. మూడు రంగులైతే 60 దగ్గర రెండూ సమానం. నాలుగు రంగులైతే 160 దాకా ఆగాలి. ఈ అంకెలు లెక్క తీరు చూపడానికే, మీ రేట్లు పెట్టి మీరు వేసుకోండి. సూత్రం ఒకటే: మొత్తం స్క్రీన్ల ఖర్చుని, ఒక్కో టీషర్టుకి తగ్గే ఖర్చుతో భాగించడం. ముదురు రంగు టీషర్టు అయితే కింద వేసే తెలుపుని కూడా ఒక రంగుగా లెక్కపెట్టండి. దాన్ని మర్చిపోయి రేటు చెప్పి నష్టపోయేవాళ్ళే ఎక్కువ.

ఈ అంకెలతోనే మేత డీలరు గారి మూడొందలు చూడండి. డీటీఎఫ్‌లో 15,000, స్క్రీన్‌లో 3,400. డీటీఎఫ్‌కి యాభై మీటర్ల ఫిల్ము కావాలి, ఒక్కోటి పరిచి నొక్కి తీసి మళ్ళీ నొక్కడానికి నిమిషంపావు పడితే ప్రెస్ దగ్గర ఆరు గంటల పైన నిలబడాలి.

సామాను కొనేటప్పుడు చెక్క ఫ్రేములు వద్దు. మన తేమకి ఉబ్బుతాయి, వాటికి బిగించిన మెష్ (జల్లెడ గుడ్డ) వదులైతే గీతలు జరుగుతాయి, రెండో రంగు మొదటిదానితో కలవదు. అల్యూమినియం ఫ్రేములే తీసుకోండి. మెష్ నంబరు, అంటే దారాల లెక్క, సెంటీమీటరుకా అంగుళానికా అన్నది అడగండి. సెంటీమీటరుకి 43 అంటే అంగుళానికి 110, 61 అంటే 155, 90 అంటే 230. ముదురు గుడ్డ మీద తెలుపుకి 43, మామూలు అక్షరాలకి 61, సన్నటి గీతలకి 90. మొదట 43వి రెండు, 61వి నాలుగు ఉంటే సరిపోతుంది. ఫ్రేముని తలుపులా ఎత్తి దించేట్టు బల్ల మీద బిగించే హింజ్ క్లాంపులతో ఒక రంగు పని చక్కగా అవుతుంది. నాలుగు రంగుల తిరుగుడు ప్రెస్ రెండో దశలో కొనవచ్చు.

స్క్రీన్‌లో మన వాతావరణం అడ్డుపడేది ఎమల్షన్ దగ్గర. మెష్ జిడ్డు కడిగి, ఆరనిచ్చి, స్కూప్ కోటర్‌తో (పూత పూసే తొట్టి లాంటి పనిముట్టుతో) బయటివైపు ఒకసారి, లోపలివైపు ఒకసారి ఎమల్షన్ పూసి, టీషర్టుకి తగిలే వైపు కిందకి ఉండేట్టు పడుకోబెట్టి చీకట్లో ఆరబెడతారు. చేతికి పొడిగా తగిలినంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు. తేమ మిగిలిన ఎమల్షన్ లైటుకి సరిగా గట్టిపడదు, కడిగేటప్పుడు బొమ్మతో పాటు చుట్టూ ఉన్నదీ జారిపోతుంది. లేదా వందో టీషర్టు దగ్గర చిల్లులు పడతాయి. చవితి సీజన్‌లో ‘ఎమల్షన్ కల్తీది’ అని తిట్టుకునేవాళ్ళలో చాలామందికి అసలు కారణం ఇదే. ప్లైవుడ్ అల్మారా ఒకటి చేయించి, లోపల చిన్న హీటరూ ఫ్యానూ తేమ కొలిచే మీటరూ పెట్టండి. 35 నుంచి 40 డిగ్రీల్లో ఉంచి, మీటరు 50 శాతం లోపు చూపించాకే ఎక్స్‌పోజ్ చేయండి, అంటే పాజిటివ్ పెట్టి లైటు చూపించండి.

ఎక్స్‌పోజింగ్ టైము ఎవరో చెప్పింది పట్టుకోకండి. లైటు, దూరం, ఎమల్షన్, మెష్ మారితే అదీ మారుతుంది. ఒక స్క్రీన్‌ని ఐదు పట్టీలుగా, నల్ల కాగితం జరుపుతూ, ఒక్కో పట్టీకి టైము పెంచుకుంటూ ఎక్స్‌పోజ్ చేసి కడగండి. ఎమల్షన్ జారకుండా, సన్నటి గీత కూడా తెరుచుకున్న పట్టీ టైమే మీ టైము. గోడ మీద రాసిపెట్టుకోండి. ఎండలో పెట్టి చేసే పద్ధతి మబ్బు పట్టినప్పుడల్లా మారిపోతుంది, ఆర్డరు పనికి పనికిరాదు. పాజిటివ్‌లో నలుపు నిజంగా నల్లగా ఉండాలి. లైటుకి పెడితే వెలుతురు దూరకూడదు.

ఇంకు రెండు రకాలు. ప్లాస్టిసాల్ (పీవీసీ ప్లాస్టిక్ ఉన్న ఇంకు) స్క్రీన్‌లో ఎండిపోదు, కొత్తవాళ్ళకి సుఖం. స్క్రీన్‌కీ టీషర్టుకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచి, స్క్వీజీని (ఇంకు లాగే రబ్బరు పలకని) కొంచెం వాల్చి ఒకే ఒత్తిడితో లాగండి. నల్ల టీషర్టు మీద తెలుపు ఒక్క లాగుడుకి నిండదు. ఒకసారి వేసి, ఫ్లాష్ హీటరు (ప్రింటు పైన ఉండే వేడి పలక) కింద వేలికి అంటనంతవరకే కాల్చి, మళ్ళీ వేయాలి. చివరి కాల్పుకి ఇంకు పొర అడుగుదాకా 160 డిగ్రీలు ఎక్కాలి. పై పొర మాత్రమే కాలితే చూడడానికి బాగానే ఉంటుంది, మూడో ఉతుక్కి నెర్రెలు విచ్చుతుంది. అందులోని పీవీసీ రేణువులు తమలో తాము కరిగి కలవకపోవడమే కారణం. విడిగా డ్రయర్ కొనలేనప్పుడు మీ హీట్ ప్రెస్సే చాలు. ఫ్లాష్‌తో పైపైన ఆరిన ప్రింటు మీద సిలికాన్ కాగితం వేసి 160 డిగ్రీల్లో 40 సెకన్లు, చాలా తక్కువ ఒత్తిడితో. చల్లారాక రెండు చేతులతో సాగదీయండి. పగిలితే కాలలేదని అర్థం.

నీటి ఇంకు గుడ్డలోకి ఇంకుతుంది, చేతికి తగలదు, గాలాడుతుంది. చెమట పట్టే మన ఊళ్ళకి తెల్ల, లేత రంగు కాటన్ మీద ఇంతకన్నా హాయైన ప్రింటు లేదు. కష్టం ఏమిటంటే ఏప్రిల్, మే నెలల్లో అది స్క్రీన్ మీదే ఎండిపోయి రంధ్రాలు మూసేస్తుంది. మధ్యమధ్యలో సన్నటి నీటి తుంపర కొడుతూ, ఆపకుండా లాగుతూ ఉండాలి. వానల్లో ఎదురు కష్టం: దండెం మీద రాత్రంతా వేలాడినా ఆరదు. రంగు నిలబెట్టే ఫిక్సర్ కలిపినా సరే, వేడితో నీరు మొత్తం పోగొట్టాకే మడత పెట్టాలి. మీరు ప్లాస్టిసాల్‌తో చెయ్యి కుదిరాక దీనిలోకి రండి.

మిగిలిన ఇంకునీ ఎమల్షన్ కడిగిన నీళ్ళనీ కాలవలోకి వదలకండి. కింది ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే చెరువులకి పెట్టుకుంటారు, తాగునీటికీ అవే. స్క్రీన్ మీది ఇంకుని ముందు అట్టముక్కతో గీసి డబ్బాలోకి ఎత్తండి, పనికొచ్చేది మళ్ళీ వాడుకోవచ్చు. తర్వాత గుడ్డతో తుడిచి, చివరికి కడగండి. కడిగిన నీటిని తొట్టిలో నిలవబెట్టి, అడుక్కి దిగిన మడ్డిని ఎండబెట్టి చెత్తలో వేయండి.

మెరూన్ జెర్సీల సంగతికి వద్దాం. అవి పాలిస్టర్. పాలిస్టర్‌కి వేసే రంగు వేడి తగిలితే ఆవిరిగా మారి పక్క పొరలోకి పాకుతుంది. ఎరుపు, మెరూన్, నేవీ బ్లూ ఇందులో మరీ చెడ్డవి. తెల్ల అక్షరం అంటించినప్పుడు 160 డిగ్రీల వేడికి మెరూన్ రంగు తెలుపులోకి దూరడం మొదలెట్టింది. ఆ పాకుడు ప్రింటు చల్లారాక కూడా రోజుల తరబడి సాగుతుంది. అందుకే ఇచ్చిన రోజు తెల్లగా ఉండి తర్వాత గులాబీ అయ్యాయి. వేసినవాళ్ళ ఇంకు మంచిదైనా మామూలు తెలుపు అయితే ఇలాగే అవుతుంది. దీనికి మార్గం, రంగుని ఆపే పొర ఉన్న సామాను వాడడమే. వినైల్‌లో (ఆకారం కోసి వేడితో అంటించే ప్లాస్టిక్ షీటులో) ఇలా రంగు ఆవిరై పాకడాన్ని, అంటే సబ్లిమేషన్‌ని, ఆపే రకం, డీటీఎఫ్‌లో నల్ల జిగురు పొడి వేసిన ఫిల్ము, స్క్రీన్‌లో ముందు వేసే ముదురు బ్లాకర్ పొర దొరుకుతాయి. వేడి కూడా 130, 140 లోపలే ఉంచాలి, అంత తక్కువకి అంటే రకమేనా అని అడిగి కొనండి. ఏది వాడినా ఒక జెర్సీ మీద వేసి మూడు నాలుగు రోజులు ఉంచి చూశాకే మిగతావి చేయండి.

మీ పదిహేను జెర్సీలకి పేర్లూ నంబర్లూ వినైల్ కటింగుతో బాగుంటాయి. ఒక్కో జెర్సీకి వేరే పేరు కాబట్టి స్క్రీన్ పనికిరాదు. టీము మొత్తం జెర్సీ డిజైన్‌తో సహా కొత్తగా చేయించుకుంటే సబ్లిమేషన్ ప్రింటింగ్ మేలు. తెల్ల పాలిస్టర్ ముక్కల మీద మెరూన్‌తో సహా అన్నీ ప్రింటు చేసి తర్వాత కుట్టే పద్ధతి అది. రంగు నూలులోనే కలిసిపోతుంది, పొరే ఉండదు, పాకడానికి ఏమీ మిగలదు. దాన్ని జాబ్‌వర్కుకి ఇవ్వండి. మీరే చిన్న సబ్లిమేషన్ ప్రింటరు కొనుక్కుంటే కప్పులకి, తెల్ల డ్రైఫిట్ టీషర్టుల ఛాతీ బొమ్మలకి పనికొస్తుంది, 190 నుంచి 200 డిగ్రీల్లో 45 నుంచి 60 సెకన్లు. కాటన్ మీద మాత్రం వేయకండి. మొదటి ఉతుక్కే పోతుంది. తెలుపు ఇంకు ఉండదు కాబట్టి ముదురు గుడ్డ మీదా కుదరదు.

పుట్టినరోజు ఫొటోలు ఒకటీ అరా అయితే డీటీఎఫ్ ఫిల్ముతోనే చేయండి, రోలు మీద సందుల్లో కలిపి తెప్పించుకుంటూ. ఛాతీ అంతా నిండిన చతురస్రం ఫొటో వేయకండి. ప్లాస్టిక్ పలకలా ఉంటుంది, లోపల చెమట కారుతుంది. వెనక దృశ్యం తీసేసి మనిషి బొమ్మ చుట్టూ కత్తిరించండి. డీటీజీ అని నేరుగా గుడ్డ మీద వేసే మిషన్లున్నాయి. ముదురు గుడ్డకి ముందు మందు కొట్టాలి, తెల్ల ఇంకు బాధ దానికీ ఉంది, ధర ఇంకా ఎక్కువ. మీ లెక్కలోకి తీసుకోకండి.

గుడ్డ కొనేటప్పుడు దారం ఒకటి లాగి వెలిగించండి. కాగితం కాలిన వాసనతో బూడిదైతే కాటన్, కరిగి గట్టి నల్ల పూసలా మారితే పాలిస్టర్, రెండూ కనిపిస్తే కలిపిన నూలు. ‘ప్యూర్ కాటన్’ అని లేబుల్ ఉన్నా బేలుకి ఒకటి చూడండి, ఎందుకంటే పై వేడి లెక్కలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి 180 గ్రాముల బరువు), బయోవాష్ చేసిన (నూగు తీసిన) కాటన్ మన దగ్గర మామూలు ఆర్డర్లకి నప్పుతుంది. నూరు టీషర్టుల ఆర్డరుకి మూడు నాలుగు అదనంగా తెప్పించండి, పాడయ్యేవి తప్పవు.

తెలుగు అక్షరాల దగ్గర రెండు జాగ్రత్తలు. అను ఫాంట్లతో చేసిన ఫైలు జాబ్‌వర్క్ వాళ్ళ కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులుగా మారుతుంది, పంపే ముందు అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి (ఫాంటు అక్కర్లేని గీతల్లోకి) మార్చండి. వినైల్‌కైతే ఇంకో పని ఉంది. తలకట్టు, వత్తు, అక్షరం విడివిడి గీతలుగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, వెల్డ్ చేయకపోతే, అంటే ఒకే ఆకారంగా కలపకపోతే, వినైల్ కోసే కటింగ్ ప్లాటర్ ఆ కలిసే చోట్లన్నీ కోసేస్తుంది. స్క్రీన్‌లో చిన్న అక్షరాల వత్తులు, సున్నాల మధ్య ఖాళీలు ఇంకుతో పూడిపోతాయి. ఇంగ్లీషులో చదవగలిగిన సైజు కన్నా తెలుగుని పెద్దగా పెట్టండి. పేర్లలో తప్పుల్లేవని ప్రూఫ్ మీద కస్టమరు చేత ఒప్పుకోలు వాట్సాప్‌లో రాయించుకోండి. ఫొటోలు డాక్యుమెంటుగా పంపమనండి, మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది. ఎ4 సైజుకి 2,480×3,508 పిక్సెళ్ళు ఉండాలి. హీరోల ఫొటోలు, పెద్ద కంపెనీల గుర్తులు అనుమతి లేకుండా వేసి అమ్మడం చట్టరీత్యా తప్పు. అభిమాన సంఘం కుర్రాళ్ళు అడిగినా, ప్రింటు వేసి డబ్బు తీసుకున్నది మీరే అవుతారు.

డబ్బు సంగతి. మూడు లక్షల్లో మిషన్లకి సగం దాటనివ్వకండి. మిగిలింది గుడ్డకి కావాలి. సీజన్‌లో తిరుపూరు వాళ్ళకి ముందే కట్టాలి, ఇక్కడ కస్టమర్లు పండగయ్యాక ఇస్తారు. మేత డీలర్ల దగ్గరైనా సగం అడ్వాన్సు లేకుండా గుడ్డ తెప్పించకండి. లోను ఇప్పుడు వద్దు. ఏడాదిపాటు జాబ్‌వర్క్ బిల్లులన్నీ నెలవారీగా దాచండి. తర్వాత డీటీఎఫ్ కొనాలా అన్నది సంక్రాంతి నెల బిల్లు చూసి తేల్చకండి. అన్నిటికన్నా తక్కువ పడిన నెల బిల్లు తీయండి. ఆ నెలలో కూడా రోజూ మిషన్ తిరిగేంత పని ఉండి, జాబ్‌వర్కుకి కట్టే డబ్బుతో వాయిదా, ఇంకు, ఫిల్ము, ఏసీ కరెంటు, మనిషి జీతం తీరిపోతుంటే నిస్సందేహంగా కొనండి.

ఈ సంక్రాంతి అరవైకి: కుర్రాళ్ళ చేత నవంబరులోనే డిజైన్ తేల్పించండి. లేత రంగు టీషర్టు మీద రెండు రంగుల్లో ఒప్పుకుంటే స్క్రీన్ మీద వేయండి. కోడిపుంజు ఈకల్లో రంగులన్నీ కావాల్సిందే అంటే డీటీఎఫ్ ఫిల్ము డిసెంబరు మొదటి వారానికల్లా తెప్పించుకోండి. రెండో వారం దాటితే జాబ్‌వర్క్ వాళ్ళ దగ్గరా పార్సిల్ ఆఫీసుల్లోనూ రద్దీ పెరుగుతుంది. సైజులు నోటిమాటగా వద్దు, పేరు పేరునా కాగితం మీద రాయించండి. 2027 గోదావరి పుష్కరాలకి వాలంటీర్ల టీషర్టులు అడిగేవాళ్ళు మీ దాకా వస్తారు. వాళ్ళు రోజంతా తడుస్తూ, చెమటపడుతూ తిరుగుతారు కాబట్టి లేత రంగు కాటన్, నీటి ఇంకు, ఒకే రంగు చెప్పండి. వీపు మీద పెద్ద డీటీఎఫ్ బొమ్మ అడిగితే శాంపిల్ ఒకటి చేసిచ్చి, ఒక పూట తొడుక్కుని ఎండలో తిరిగి రమ్మనండి.